పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570, వెనక రెండిరుసుల తొట్టి: రాళ్ల కొండ మీంచి కట్టెలు దించడానికి ఎంతవరకు పనికొస్తాయి

చెట్టు పడి ఉన్నది కొండవాలు మీద. కట్టెల షెడ్డు ఉన్నది కింద, ఇంటి పక్కన. మధ్యలో నాలుగు వందల గజాల రాళ్ల నేల, రెండు చోట్ల ఊట నీళ్లు, ఒక చోట బండి పట్టీ పట్టనట్టు నిలబడ్డ రెండు మేపుల్ చెట్లు. పికప్ ట్రక్కు అక్కడిదాకా రాదు. చేతిబండితో మోస్తే నాలుగు రోజులకే నడుం పడిపోతుంది. పెన్సిల్వేనియా ఈశాన్య కొండల్లోనో, న్యూయార్క్ క్యాట్‌స్కిల్స్‌లోనో ఐదు పదెకరాల అడవి కొనుక్కుని, ఇంట్లో కట్టెల స్టవ్ పెట్టుకున్నవాళ్లకు మొదటి చలికాలమే ఎదురయ్యే లెక్క ఇది. ఏటీవీ (అడవి దారుల్లో తిరిగే నాలుగు చక్రాల చిన్న బండి) ఒకటి, దాని వెనక తొట్టి ఒకటి కొనుక్కోవడం అక్కడ అందరూ చేసే పని. ఈ రివ్యూలో చూసేది ఆ జోడీనే: పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570, దానికి 1,500 పౌండ్ల రకం, 22 ఘనపుటడుగుల ప్లాస్టిక్ తొట్టి ఉన్న రెండిరుసుల ట్రెయిలర్.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఈ పనికి బండి బలం సరిపోతుంది, కాస్త మిగులుతుంది కూడా. ట్రెయిలర్ మీద అంటించిన అంకెను మాత్రం కొండ మీద నమ్మకూడదు. బండి ఎంత లాగుతుందన్నది షోరూంలో అందరూ అడుగుతారు. బరువుతో దిగేటప్పుడు ఎంతకు ఆగుతుందన్నది ఎవరూ అడగరు. కట్టెల పనిలో డబ్బు పెట్టాల్సింది ఆ రెండో ప్రశ్న మీద.

అంకెలు చూద్దాం. 570లో 567 సీసీ ఇంజిను, 44 హార్స్‌పవర్. 2021 నుంచి వచ్చిన మోడళ్లకు లాగే పరిమితి 1,350 పౌండ్లు, అంటే 612 కిలోలు. అంతకు ముందువాటికి 1,225. సామాను పెట్టుకునే ముందు ర్యాక్ మీద 90 పౌండ్లు, వెనక ర్యాక్ మీద 180. ఈ 1,350లో ట్రెయిలర్ సొంత బరువు కూడా కలిసే ఉంటుంది. పైగా అది సమతలం నేల మీద లెక్క. తొట్టి మీద 1,500 అని రాసి ఉందని బండి వెనక 1,500 వేస్తే, ట్రెయిలర్ ఇరుసుకు ఏమీ కాదు, బండికే ముప్పు.

ఇక కట్టెల బరువు. అమెరికాలో కట్టెలు కార్డుల్లో కొలుస్తారు. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల పొడవు పేర్చితే ఒక కార్డు, 128 ఘనపుటడుగులు. అదే కార్డును పదహారు అంగుళాల పేళ్లుగా చీల్చి, పేర్చకుండా తొట్టిలోకి విసిరితే దాదాపు 180 ఘనపుటడుగులు ఆక్రమిస్తుంది. కాబట్టి 22 ఘనపుటడుగుల తొట్టి అంచుకు సమానంగా నింపితే కార్డులో ఎనిమిదో వంతు పడుతుంది. పచ్చి రెడ్ ఓక్ కార్డు 4,900 పౌండ్ల దాకా తూగుతుంది, ఎండితే 3,500 దగ్గరికి దిగుతుంది. అంటే అంచు వరకు నిండిన పచ్చి ఓక్ ఒక తొట్టి 610 పౌండ్లు. ట్రెయిలర్ బరువు కలుపుకుని 800 అనుకోండి. కాగితం మీద ఇది 1,350లో సగం పైచిలుకు మాత్రమే. అందుకే చాలామంది పైన గోపురంలా పేర్చేస్తారు, లేదంటే పక్కలకు కర్రలు పాతి తొట్టి ఎత్తు పెంచుతారు. కష్టాలు మొదలయ్యేది అక్కడే.

ఎందుకో ఒక చిన్న లెక్కతో తేలిపోతుంది. బండి, నడిపే మనిషి కలిపి 900 పౌండ్లు. వెనక 800 పౌండ్ల ట్రెయిలర్, దానికి బ్రేకుల్లేవు. మొత్తం 1,700. పది డిగ్రీల వాలులో, అంటే నూరడుగులకు పదిహేడున్నర అడుగులు దిగే చోట, ఈ మొత్తాన్ని కిందికి తోసే బలం 295 పౌండ్లు. దాన్ని ఆపాల్సింది బండి నాలుగు టైర్లే. తడిసిన ఆకుల మీద టైరు పట్టు 0.3 అనుకుంటే ఆ నాలుగు టైర్లూ ఆపగలిగేది 290. ఇక మిగులేమీ లేదు. ఇదే లెక్క పదిహేను డిగ్రీలకు వేస్తే తోసేది 440, ఆపేది మాత్రం ఆ 290కి మించదు. బ్రేకు ఎంత గట్టిగా నొక్కినా బండి చక్రాలు ఆగుతాయి, బండి మాత్రం జారుతూనే ఉంటుంది. తొట్టిలో సగమే వేస్తే, పది డిగ్రీల మీద తోపు 243కి తగ్గుతుంది, బండి చేతిలో ఉంటుంది. సగం తొట్టి వేసుకుని పోవడం పిరికితనమేమీ కాదు, పై లెక్క చెప్పేది అదే. ఒక కార్డుకు సమతలం మీద ఎనిమిది ట్రిప్పులైతే, కొండ మీంచి పదహారు.

వాలు కొలవడానికి పరికరం కొనక్కర్లేదు. నాలుగడుగుల చెక్కను దారి మీద పడేసి, దాని మీద ఫోను పెట్టి లెవెల్ యాప్ తెరిస్తే డిగ్రీలు కనిపిస్తాయి. కంటికి ఐదు డిగ్రీల్లా అనిపించేది పదీ పన్నెండూ ఉండటం మామూలే. పది డిగ్రీల లోపు వాలుకు సగం తొట్టి, పది నుంచి పదిహేను మధ్య, అదీ ఆకులు తడిగా లేనప్పుడే, మూడో వంతు. పదిహేను దాటితే ట్రెయిలర్ పైన సమతలం మీదే ఆపేసి కట్టెలు కిందికి వేరే దారిన తేవాలి, లేదా కింద నిలబెట్టి దుంగల్ని విన్చుతో (తాడు చుట్టి లాగే యంత్రంతో) దాని దగ్గరకు దింపుకోవాలి.

దిగుడులో 570 గుణం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనేముందు డీలర్ దగ్గర ఎక్కువగా తప్పిపోయేది ఇదే. దీనిలో గేరుబాక్సుకు ముందు సీవీటీ, అంటే రెండు కప్పీల మధ్య తిరుగుతూ గేరు దానంతట అదే మార్చే బెల్టు ఉంటుంది. ఇంజిను వేగం పడిపోగానే ముందు కప్పీ విచ్చుకుని బెల్టును వదిలేస్తుంది. స్కూటీ నడిపినవాళ్లకు ఇది తెలిసిన సంగతే: యాక్సిలరేటర్ వదిలేస్తే బండి నూట్రల్లో ఉన్నట్టు పారుతుంది. ఒట్టి బండికి ఇది ఇబ్బందేమీ కాదు. వెనక ఏడెనిమిది వందల పౌండ్లు తోస్తుంటే మాత్రం ప్రమాదం. దీనికి పొలారిస్ దగ్గర విరుగుడు ఉంది. ఇంజిన్ బ్రేకింగ్ సిస్టం ఉన్న ట్రిమ్‌లో (ఒకే మోడల్‌లో సదుపాయాలను బట్టి వచ్చే రకంలో) యాక్సిలరేటర్ వదిలినా బెల్టు పట్టు వదలదు, ఇంజినే బండిని పట్టి ఆపుతూ దింపుతుంది. యాక్టివ్ డిసెంట్ కంట్రోల్ కూడా ఉంటే ఆ పట్టు ముందు చక్రాలకూ అందుతుంది. అది లేకపోతే దిగుడులో పట్టంతా వెనక చక్రాలదే, ఎందుకంటే మామూలు ఆల్ వీల్ డ్రైవ్‌లో వెనక చక్రం జారినప్పుడే ముందు చక్రాలు కలుస్తాయి. ఇవి అన్ని ట్రిమ్‌లలో రావు. ధర తక్కువ అని కింది ట్రిమ్ తీసుకునే ముందు స్పెక్ షీట్‌లో ఈ రెండు పేర్లు వెతకండి. కొండ ఉన్నవాళ్లకు విన్చు, విండ్‌షీల్డ్, రంగు, అన్నీ వీటి తరవాతే.

మాన్యువల్ చెప్పే వేగాలు కూడా చాలామంది చదవరు. ట్రెయిలర్ ఉంటే గంటకు 10 మైళ్లు దాటకూడదు. గతుకుల్లో, మలుపుల్లో, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు 5 మైళ్లే. ఐదు మైళ్లంటే వడిగా నడిచే మనిషి కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఈ వేగంలో హై గేరు పెడితే బెల్టు సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది. కాలిన రబ్బరు వాసన వస్తే అప్పటికే ఆలస్యమైనట్టు. కట్టెల పని మొత్తం లో గేరులోనే జరగాలి. ఆల్ వీల్ స్విచ్ కూడా ఇరుక్కున్నాక నొక్కడం అలవాటు చేసుకోకండి. ఊట దగ్గరికి రాకముందే యాక్సిలరేటర్ తగ్గించి నొక్కి, ఆ తరవాత నెమ్మదిగా దాటాలి.

ఊళ్లో పవర్ టిల్లర్‌కు ట్రక్కు తగిలించి నడిపిన చేతులకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. టిల్లర్ దిగుడులో ఎదురు తిరుగుతుంది. ఎడమ క్లచ్ నొక్కితే వెనక బరువు ఆ విడిచిన చక్రాన్ని తోసి బండిని కుడికి తిప్పేస్తుంది. ఏటీవీకి హ్యాండిల్ ఉంది కాబట్టి ఆ తలతిరుగుడు లేదు. కానీ వెనక నుంచి తోసే బరువు ఒక్కటే, దాని బుద్ధీ ఒక్కటే.

ట్రెయిలర్ సంగతికొద్దాం. రెండిరుసులంటే కారు ట్రెయిలర్‌లా విడి విడి స్ప్రింగులు ఉండవు. ఒక్కో పక్క ముందు చక్రం, వెనక చక్రం ఒకే దూలానికి చివర్లలో ఉంటాయి. ఆ దూలం నడిమధ్య ఒక చీల మీద ఊగుతుంది. ముందు చక్రం ఎనిమిది అంగుళాల రాయి ఎక్కితే తొట్టి నాలుగంగుళాలే లేస్తుంది. రాళ్ల నేల మీద ఇది చేసే మేలు కళ్లారా చూడొచ్చు. ఒకే ఇరుసు తొట్టి అదే రాయి మీద పూర్తిగా ఎగిరి పక్కకు ఒరుగుతుంది, పైన ఉన్న పేళ్లు దొర్లిపోతాయి. క్యాట్‌స్కిల్స్ లాంటి, హిమానీనదాలు రాళ్లు పరిచి వెళ్లిన నేలకు రెండిరుసులవే తీసుకోవాలి. లోపం కూడా ఉంది. మలుపు తిప్పినప్పుడు నాలుగు చక్రాలూ అడ్డంగా ఈడ్చుకుంటూ పోతాయి, ఇంటి ముందు పచ్చికను చీరేస్తాయి. టైర్లు పద్దెనిమిది అంగుళాల ఎత్తువే, కాబట్టి గుంటలో దిగితే బయటికి లాగడం కష్టం. ఒకే ఇరుసు తొట్టితో పోలిస్తే ముళ్లకు పంచరు కూడా రెట్టింపు. కొన్న రోజే నాలుగింటిలోనూ పంచరు ద్రవం పోయించడం మంచి ఖర్చు.

ప్లాస్టిక్ తొట్టా, ఇనప తొట్టా అన్న వాదం ఎప్పటిదో. పేళ్లకు ప్లాస్టిక్ మేలు. తుప్పు పట్టదు, చప్పుడు ఉండదు, తొట్టి వెనక్కి వంచితే తడి కట్టెలు కూడా సర్రున జారిపోతాయి. జనవరిలో గడ్డకట్టే చలిలో మాత్రం దాని స్వభావం మారుతుంది. మూడడుగుల ఎత్తు నుంచి మొద్దును విసిరితే అడుగు చిట్లుతుంది. అడుగున ఒక పాత ప్లైవుడ్ ముక్క పరిచి, మొదటి వరస చేత్తో పెట్టి, ఆ పైన విసిరితే ఆ బాధ ఉండదు. మొద్దుల్ని చీల్చకుండా అలాగే తెచ్చేవాళ్లకైతే ఇనప జాలీ తొట్టే నయం.

మొద్దుల మాట వచ్చింది కాబట్టి ఇంకో లెక్క. పద్దెనిమిది అంగుళాల మందం, పదహారు అంగుళాల పొడవున్న పచ్చి ఓక్ మొద్దు ఒక్కటే 150 పౌండ్లు. మందం రెండడుగులైతే 265. దాన్ని ఒక్కరు తొట్టిలోకి ఎత్తలేరు, ఎత్తకూడదు. తొట్టి వెనక్కి వంచి నేలకు ఆనించి, మొద్దును దొర్లించి ఎక్కించి, తిరిగి నిలబెట్టొచ్చు. కానీ అలా ఎక్కిన మొద్దులు మూడు నాలుగే పడతాయి, అవీ దారిలో దొర్లుతాయి. చెట్టు దగ్గరే గొడ్డలితోనో, చీల్చే బరువు సుత్తితోనో నాలుగుగా చీల్చి వేసుకుంటే తొట్టి సగం పని తగ్గుతుంది. తొక్కలూ, పొట్టూ అడవిలోనే ఉంటాయి, అది మరో లాభం.

ఇప్పుడు మొగ్గు. ఎడ్లబండి ఎరిగినవాళ్లకు ఇది కొత్త చెప్పక్కర్లేదు. బరువు మరీ ముందుకుంటే ఎద్దుల మెడ మీద పడుతుంది, మరీ వెనక్కుంటే కాడి పైకి లేస్తుంది. ఏటీవీ వెనక కూడా అంతే. మొత్తం ట్రెయిలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం నొగ మీద, అంటే బండి వెనక ట్రెయిలర్ తగిలించే హిచ్చు మీద పడాలి. 800 పౌండ్లకు 80 నుంచి 120. రెండిరుసులున్నా తూకం ఆ మధ్య చీల మీదే ఊగుతుంది కాబట్టి, చీలకు ఒక పిడికెడు ముందుకు బరువైన పేళ్లు, వెనక్కి తేలికవి. తెలుసుకోవడం తేలిక: నొగ చివర కింద ఒక బాత్‌రూం త్రాసు పెట్టి, హిచ్చు ఎత్తులో చెక్క ముక్కలతో ఆనించి చూస్తే సరి. ఒకసారి తూచి, తొట్టి పక్కన రంగుతో గీత గీసుకుంటే మళ్లీ తూచే పని లేదు.

హిచ్చు మీద పడే ఈ బరువు వెనక ర్యాక్ పరిమితిలో కలిపి చూసుకోవాలి. 180లోంచి 100 తీసేస్తే ర్యాక్ మీద మిగిలింది 80. రంపం, పెట్రోలు డబ్బా, బార్ ఆయిల్, గొలుసు, ఇంకేమీ వద్దు. అక్కడే ఇంకో నాలుగు మొద్దులు పెట్టేవాళ్లున్నారు. అప్పుడు ముందు చక్రాలు తేలికైపోతాయి, ఎక్కుడులో హ్యాండిల్ తిప్పినా బండి తిన్నగా పోతుంది. వెనక స్ప్రింగులు కూర్చుండిపోయి హెడ్‌లైటు చెట్ల కొమ్మల్ని చూపిస్తుంది. 570కి నాలుగు చక్రాలకూ విడి సస్పెన్షన్ ఉండటం రాళ్ల మీద హాయే కానీ బరువుకు వెనక భాగం కూర్చోవడం దాని సహజ గుణం. వెనక స్ప్రింగుల బిగింపును గట్టి వైపుకు తిప్పుకుంటే కొంత నయం. వెయ్యి డాలర్లు ఎక్కువైనా పవర్ స్టీరింగ్ ఉన్నది తీసుకోమని చెప్పేది కూడా ఇందుకే. రాయి తగిలినప్పుడు హ్యాండిల్ మణికట్టును విదిలించడం బాగా తగ్గుతుంది. పదహారో ట్రిప్పుకు దాని విలువ తెలుస్తుంది.

తగిలింపు దగ్గర చిన్న వస్తువులే పెద్ద తగాదాలు తెస్తాయి. హిచ్చు రిసీవర్ (బార్ దూర్చే గొట్టం) చదరం 1.25 అంగుళాలా, 2 అంగుళాలా అన్నది కొలిచి, దానికి తగిన బార్ కొనాలి. పచ్చిక కోసే బండికి వాడే సన్నటి పిన్ను ఇక్కడ వాడకూడదు. క్లిప్పు ఉన్న గట్టి చీల, అదీ రంధ్రంలో వదులు లేకుండా. వదులు చీల ప్రతి గతుకుకూ సుత్తిలా కొడుతుంది, ఒక సీజన్‌లో రంధ్రం గుడ్డు ఆకారానికి వస్తుంది. నొగకు మెలి తిరిగే జాయింట్ ఉన్న ట్రెయిలర్ దొరికితే అదే కొనండి. తొట్టి పక్కకు బోర్లా పడ్డప్పుడు ఆ మెలి ఉంటే తొట్టి ఒక్కటే పడుతుంది. లేకపోతే నొగ బండిని కూడా మెలిపెట్టి లాగుతుంది. పట్టీ కూడా రెండు చాలు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. యాభై గజాలు పోయాక ఆగి మళ్లీ బిగించాలి, ఎందుకంటే పేళ్లు సర్దుకుని పట్టీలు వదులవుతాయి.

ఇంత చెప్పినా, పని తేలికయ్యేది దారి వల్లే. ఒక రోజంతా దారికే పెట్టినవాళ్లు మిగతా సీజనంతా సుఖపడతారు. ముందు ఒట్టి కాళ్లతో, అంటే బండి లేకుండా, పైనుంచి కిందికి నడవండి. మోళ్లను నేలకు సమానంగా కోసేయాలి. నాలుగంగుళాల మోడు ఆకుల కింద దాక్కుంటే ట్రెయిలర్ ఇరుసుకు తగిలి ఆగుతుంది, బండి ఆగదు. ఊట ఉన్న చోట సన్న దుంగల్ని దారికి అడ్డంగా పక్క పక్కన పేర్చి పరిస్తే చక్రం దిగబడదు. వాలును ఎప్పుడూ తిన్నగా ఎక్కాలి, తిన్నగా దిగాలి. అడ్డవాలులో, అంటే ఒక పక్క చక్రాలు పైన, మరో పక్కవి కింద ఉండేలా పోతే, పేళ్ల బరువు కింది పక్కకు జరిగి తొట్టి తిరగబడుతుంది. తప్పనిసరైతే పై పక్క గట్టును పారతో చెక్కి దారిని సమం చేసుకోవాలి.

దారిని వలయంలా వేసుకోగలిగితే అంతకు మించింది లేదు. నిటారుగా ఉన్న వైపు ఖాళీ తొట్టితో ఎక్కి, చుట్టు తిరిగే మెల్లని వైపు బరువుతో దిగడం. దీనివల్ల వెనక్కి తిప్పే పనే ఉండదు. ఈ బండికి ముందు వెనక చక్రాల మధ్య దూరం యాభై అంగుళాల పైచిలుకు. పొట్టి బండికి పొట్టి ట్రెయిలర్ తగిలిస్తే వెనక్కి నడిపినప్పుడు రెండు గజాలలోనే కత్తెరలా ముడుచుకుంటుంది. అలవాటైనవాళ్లకూ అది విసుగే. వెనక్కి తిప్పడం తప్పని చోట చీల తీసి, ఖాళీ తొట్టిని చేత్తో తిప్పుకోవడం తొందరగా అయిపోతుంది.

ఎక్కుడులో బరువుతో ఆగిపోయినప్పుడు చేసే తప్పే ప్రాణం మీదికి తెస్తుంది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలడం లేదు. అప్పుడు యాక్సిలరేటర్ ఇంకా పిండకండి, వెనక్కి వదలకండి. బ్రేకు పట్టి, ఇంజిన్ ఆపి, పార్కులో పెట్టి, పార్కింగ్ బ్రేకు వేసి, పై పక్క నుంచి దిగాలి. ట్రెయిలర్ చక్రాల వెనక అడ్డురాళ్లు పెట్టాలి. తరవాత కట్టెలు అక్కడే దించేసి, చీల తీసి, బండిని విడిగా తిప్పుకోవాలి. దించిన కట్టెలు ఎక్కడికీ పోవు, రేపు సగం సగంగా తెచ్చుకోవచ్చు. తొట్టి వెనక్కి జారడం మొదలెడితే ముందు అది ముడుచుకుంటుంది, తరవాత బండిని పక్కకు తోసి బోర్లా వేస్తుంది. రెండు సెకన్ల పని.

కాలం సంగతి. ఈ ప్రాంతంలో అక్టోబరు చివర, నవంబరులో రాలిన ఆకులు వానకు తడిసి సబ్బులా ఉంటాయి. మార్చి, ఏప్రిల్ బురద కాలం. అప్పుడు లాగితే దారి గాడులు పడి ఏడాదంతా అలాగే ఉండిపోతుంది. నేల గడ్డకట్టి, మంచు పల్చగా ఉన్న జనవరి పొద్దుటి పూట ఈ పనికి అన్నిటికన్నా మేలు. ఎండ వచ్చి పై పొర కరిగేలోపు ముగించుకోవాలి.

ఏ చెట్టు ముందు తేవాలన్నదానికి ఇప్పుడు అక్కడ జవాబు దాదాపు యాష్. 2002లో మిషిగన్‌లో బయటపడ్డ ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు తూర్పు రాష్ట్రాల యాష్ చెట్లను వరసగా చంపుకుంటూ వచ్చింది. ఎండి నిలబడ్డ యాష్ కట్టె తేలిగ్గా చీలుతుంది, ఓక్‌కు రెండేళ్లు ఆరబెట్టాల్సి ఉంటే దీనికి ఏడాది లోపు చాలు, బరువూ తక్కువ. కానీ చచ్చిన యాష్ పెళుసు. కోసేటప్పుడు పై కొమ్మలు ముందే విరిగి మీద పడతాయి. నిలబడినదాన్ని కోసే పని తెలిసినవాళ్లకు అప్పగించి, మనం పడినదాన్ని మోసుకుంటే చాలు. కొత్తగా చీల్చిన ముఖం మీద తేమ మీటరు 20 శాతం లోపు చూపించేదాకా స్టవ్‌లో పెట్టకూడదు. ఈ పురుగుల వల్లే న్యూయార్క్‌లో వేడిచికిత్స చేయని కట్టెల్ని 50 మైళ్ల కన్నా దూరం తీసుకెళ్లకూడదన్న నిబంధన ఉంది. క్యాట్‌స్కిల్స్ కట్టెలు కారెక్కించి లాంగ్ ఐలండ్‌లో ఉన్న బావగారికి పంపడం కుదరదు. పెన్సిల్వేనియాలో ఏటీవీని రాష్ట్ర డీసీఎన్‌ఆర్ (సహజ వనరుల సంరక్షణ శాఖ) దగ్గర రిజిస్టర్ చేయించాలన్నదీ గుర్తుంచుకోండి.

పోటీలో ఉన్నది హోండా. ఫోర్‌మన్ 520కి 2020 నుంచి లాగే పరిమితి 1,322 పౌండ్లు, దాదాపు సమానం. దానిలో బెల్టు లేదు, కాలితో మార్చే గేర్లు. దిగుడులో గేరు పట్టు దానంతట అదే దొరుకుతుంది, ప్రత్యేకంగా ట్రిమ్ వెతకక్కర్లేదు. వెనక ఇరుసు ఒకే ముక్క కాబట్టి నొగ బరువుకు అంతగా కూర్చోదు. కట్టెలు తప్ప ఇంకేమీ చేయనివాళ్లకు, ఎక్కువ దిగుడు ఉన్నవాళ్లకు మా ఓటు దానికే. రాళ్ల మీద మాత్రం అది కుదిపి వదిలిపెడుతుంది. రోజుకు పన్నెండు ట్రిప్పులు తిరిగేవాళ్లు సాయంత్రానికి స్పోర్ట్స్‌మన్‌నే మెచ్చుకుంటారు. రాంచర్ 420 పరిమితి 848 పౌండ్లే. దానికి ఒకే ఇరుసు చిన్న తొట్టి, సమతలం నేల అయితే సరే.

పోషణ ఖర్చు పెద్దది కాదు. సీవీటీకి గాలి పీల్చే గొట్టం నోటి దగ్గర రంపపు పొట్టు, ఆకులు చేరకుండా చూసుకోవాలి. గాలి ఆడకపోతే బెల్టు త్వరగా పోతుంది. బ్రేకు ప్యాడ్లు మామూలుగా తిరిగేవాళ్ల కన్నా కట్టెలు మోసేవాళ్లకు ముందే అరుగుతాయి, నెలకోసారి మందం చూడండి. ట్రెయిలర్ దూలం ఊగే చీలలకు, చక్రాల బుష్షులకు గ్రీజు ప్రతి రెండు మూడు కార్డులకోసారి. బురదలో దిగిన రోజు తప్పకుండా, ఎందుకంటే నీళ్లు చేరి ఆరాక కీచుమని మొదలుపెట్టి ఇరుసునే తినేస్తుంది. చక్రాల నట్లు మొదటి ఐదు ట్రిప్పుల తరవాత ఒకసారి బిగించాలి. బండి టైర్లలో గాలి స్టిక్కరు మీద ఉన్నంతే, ఎక్కువ బరువుకు ఎక్కువ గాలి అన్న కారు లెక్క ఇక్కడ పనిచేయదు. మరీ బిగిస్తే రాయి మీద టైరు ఎగురుతుంది, పట్టు పోతుంది.

తొట్టిలో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పడం చూడముచ్చటగానే ఉంటుంది, చేయకండి. బండి సీటు ఒక్కరికే. ఈ సైజు ఏటీవీని పదహారేళ్ల లోపువాళ్లు నడపకూడదని బండి మీద అంటించిన హెచ్చరికలోనే ఉంది.

ధరల సంగతికొస్తే స్పోర్ట్స్‌మన్ 570 కింది ట్రిమ్ ఏడెనిమిది వేల డాలర్ల దగ్గర మొదలవుతుంది. ఇంజిన్ బ్రేకింగ్, పవర్ స్టీరింగ్ ఉన్నదానికి పైన ఇంకో వెయ్యి రెండు వేలు. ట్రెయిలర్ అందులో పదో వంతుకు అటూ ఇటూ. హెల్మెట్, విన్చు, గొలుసు, పట్టీలు, పంచరు ద్రవం కలుపుకోండి. ఏడాదికి మూడు నాలుగు కార్డులు కాల్చే ఇంటికి, ఐదెకరాలు దాటిన కొండ నేలకు ఈ ఖర్చు న్యాయమే. బండికి ఐదుకు నాలుగు, ట్రెయిలర్‌కు మూడున్నర. ఆ అర మార్కు తగ్గించింది తొట్టి మీద 1,500 అని అంత పెద్ద అక్షరాలతో రాసినందుకే. ఏడాదికి ఒక కార్డు కాల్చేవాళ్లు, చెట్లు వంద గజాల లోపే ఉన్నవాళ్లు ఇదంతా కొనక్కర్లేదు. మంచి రెండు చక్రాల చేతిబండి, పక్కన ఒక సాయం మనిషి చాలు. ఇరవై ఎకరాలుండి, మంచు కూడా తోయాలనుకునేవాళ్లు ముందు తొట్టె ఉన్న పాతిక హార్స్‌పవర్ చిన్న ట్రాక్టరు వైపు చూడటం మంచిది. వాడిన 570 కొనేటట్టయితే హిచ్చు ప్లేటు వంగిందేమో, రిసీవర్ చుట్టూ వెల్డింగ్ పగిలిందేమో ముందు అక్కడే వంగి చూడండి. తరవాత బెల్టు మూత విప్పించి నల్లటి పొడి ఎంత ఉందో చూడండి. ఆ బండి ఎంత బరువు మోసిందో, ఏ గేరులో మోసిందో ఆ రెండు చోట్లా తెలిసిపోతుంది.